రాణి సారాకొట్టు అడ్డుగోడ

నేను ఒక అడ్డుగోడను. ఇటుకా సున్నమూ అనుకునేరు, కాదు. ఒళ్ళంతా బర్మా టేకు. నడుమెత్తు నుంచి పైదాకా పూలూ తీగెలూ చెక్కిన దళసరి అద్దాలు. మనిషి ముఖమంత ఎత్తులో, కౌంటరు వైపున, వరసగా పన్నెండు చిన్న అద్దపు రెక్కలు. వేలితో తోస్తే తిరుగుతాయి, వదిలేస్తే మూసుకుంటాయి. ఇంత పనితనం దేనికంటారా? తాగేవాడి మొహం పోసేవాడికి కనబడకుండా ఉండటానికి. అంతకు మించి నా పుట్టుకకు ప్రయోజనం లేదు. మనుషుల మీద నాకు గౌరవం ఎందుకు లేదని ఇక అడక్కండి.

పటాలాలుండే లష్కరులో నాలుగు వీధులు కలిసే మూలన మా కట్టడం ఉండేది. హాకిన్స్ అనే సార్జెంటు పటాలంలో ఇరవై ఏళ్ళు కవాతు చేసి, పింఛను పుచ్చుకుని, తన దేశం పోవడానికి మనసొప్పక, 1891లో దాన్ని కట్టించాడు. పడుచుతనంలో లండను నగరంలో తాను తాగిన సారాకొట్లు ఎలా ఉండేవో ఇదీ అచ్చం అలాగే ఉండాలన్నాడు. గుమ్మం మీద 'క్వీన్స్ ఆర్మ్స్' అని బంగారు అక్షరాలు రాయించాడు. జనం ఆ పేరు పలకలేక, పలకాలన్న శ్రద్ధా లేక, 'రాణి సారాకొట్టు' అన్నారు. సరైన పేరు అదే.

ఆ కట్టడంలో ప్రతిదీ ఇంకొకటిగా చలామణీ కావాలని తాపత్రయపడేది. ముందుగోడ మీద రాతి చెక్కడాల్లా కనబడే పూలదండలు గచ్చు. పైకప్పుకు వేసిన నగిషీ గచ్చులా కనబడేది, నిజానికి అచ్చుపోసిన తగరపు రేకు. కౌంటరు మహాగని అని గొప్పలు పోయేవారు, లోపలంతా నాసి కర్ర. గోడలకు నడుమెత్తు దాకా నిగనిగలాడే ఆకుపచ్చ పలకలు అంటించారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆహా అనేవారు. సిపాయిలు కక్కుకుంటే ఒక్క బకెట్ నీళ్ళతో కడిగేయవచ్చునని ఆ ఏర్పాటు. మూలన ఒక బురుజు, దానికి గడియారం కోసం గుండ్రటి కన్నం. గడియారం ఎన్నడూ పెట్టలేదు.

లోపలికి మూడు తలుపులు. ఒకటి సిపాయిలకు, ఒకటి దొరలకు, మూడోది సందువైపు చిన్న కిటికీ తలుపు, చెంబులు పట్టుకుని వచ్చే నౌకర్లకు. మూడు తలుపుల్లోనూ పోసేది ఒకే పీపాలోంచి. సిపాయిలకూ దొరలకూ మధ్యన, దొరల గదిని చుట్టి నేను; ఆ గది తలుపూ నా చట్రంలోనే.

ఆ కట్టడంలో అబద్ధమాడనివి మూడే ఉన్నాయి. హాలు పొడవునా పోయే పెద్ద దూలం ఒకటి. దాని కింద ద్రాక్షగుత్తుల నగిషీ ఉన్న రెండు పోత ఇనుప స్తంభాలు. ఆ స్తంభాలకు అవతల, అదే దూలం కింద నా నాలుగు నిలువు కాళ్ళు, నిట్టాడులు. నన్ను చేసిన వడ్ల వీరాచారిని గుత్తేదారు కోప్పడ్డాడు కూడా, "తెరకు ఇంత లావు కాళ్ళెందుకయ్యా?" అని. వీరాచారి కొలత తగ్గించలేదు. దూలాన్ని తాకేదాకా నిలబెట్టాడు. తలుపులు తెరిచిన రోజున తన పని చూసుకుందామని ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. మూడు తలుపుల దగ్గరా ఆపేశారు.

నా వెనకాల కూర్చున్న దొరల గురించి చెప్పమంటే చెబుతాను గానీ చెప్పడానికేమీ లేదు. అద్దం అడ్డం ఉంటే గొంతు కూడా వినబడదని మనుషులకు ఒక నమ్మకం. పోసేవాడు ఫలానా చేతికి ఫలానా సీసా అని చేతుల్ని బట్టి అందరినీ గుర్తుపట్టేవాడు. వాళ్ళేమో తమను దేవుడు కూడా చూడలేదనుకుని పోయేవారు. హాకిన్స్ పోయాడు, అతని పెళ్ళాం పోయింది, పటాలం పోయింది. నాలుగేళ్ళు మాలో గోనెసంచులు నిలవ చేశారు. ఆ రోజులే నయం.

తరవాత మమ్మల్ని బొల్లంపల్లి వైకుంఠం కొన్నాడు. నల్లటి కళ్ళద్దాలు, తెల్లటి బూట్లు. దొరల గదిలో తనూ కూర్చుని, నా అద్దపు రెక్క ఒకటి తోసి, చెయ్యి చాపి గ్లాసు అందుకున్న మొదటి రోజున అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతని తండ్రి సందువైపు కిటికీ దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషి. నాకు కొంచెం జాలి వేసింది. మర్నాడు అతను సందువైపు కిటికీకి ఇనపచువ్వలు పెట్టించాడు. జాలి పోయింది.

1973 ఎండాకాలంలో వైకుంఠానికి బుద్ధి పుట్టింది. బొంబాయిలో చూసొచ్చాడట. హాలు మధ్యన డాన్సు ఫ్లోరు, చివర వేదిక, రంగు దీపాలు. అంతా బాగానే ఉంది గానీ వేదిక కనబడకుండా ఆ రెండు ఇనుప స్తంభాలూ అడ్డం.

అతని దగ్గర ఒక ఇంజనీరుగారుండేవారు. పేరు పరాంకుశం. కొలువు నుంచి దిగిపోయి మూడేళ్ళయింది. రోజూ పదకొండు గంటలకు దొరల గదిలోకి వచ్చి, గొళ్ళెం పెట్టుకుని, నా రెక్కల చాటున కూర్చునేవాడు. ఇంట్లో మాత్రం గ్రంథాలయానికి పోతున్నానని చెప్పేవాడు. స్తంభాలు తీయవచ్చునా అని వైకుంఠం ఆయన్ని హాల్లోంచి అడిగాడు. ఆయన లేచి రాలేదు. రెక్క తోసి ముక్కు మాత్రం బయటపెట్టాడు.

"పైన దూలం ఏమిటి?"

"టేకు సార్."

"ఇంకేం. ఏనుగును వేలాడదీసినా వంగదు. తీసేయించు."

పై అంతస్తులో ఏముందో ఆయన అడగలేదు. పైన బిలియర్డ్స్ గది. ఆ బల్ల పైన పచ్చగుడ్డ, దాని కింద నల్లరాతి పలకలు. ఒక్కొక్క పలకను ఎత్తడానికి ఎనమండుగురు మనుషులు కావాలి. అలాంటి పలకలు అయిదు. ఆ బల్ల సరిగ్గా ఆ రెండు స్తంభాల నడుమ ఉండేది. హాకిన్స్‌కు చదువు లేదు గానీ భయం ఉండేది.

సోమవారం స్తంభాలు తీసేశారు.

ఇప్పుడు చంద్రవ్వ గురించి చెప్పాలి. మా కట్టడాన్ని ఊడ్చే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. పెరట్లో పాయిఖానా ఎత్తిపోసేదీ ఆమే. వయసులో ఉన్నప్పుడు ఇళ్ళు కట్టే చోట గానుగ సున్నం మోసింది. కుడి భుజం పడిపోయాక చీపురు పట్టింది. పొద్దున్నే, తాగేవాళ్ళెవరూ రాకముందే, నా పన్నెండు రెక్కలనూ తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్కటే తిప్పి చూసేది. ఎనభై రెండేళ్ళలో నన్ను తాకినవాళ్ళలో నా అవతల ఎవరున్నారో పట్టించుకోని మనిషి ఆమె ఒక్కతే.

మంగళవారం పొద్దున దూలం కింద చారెడు సున్నపు పొడి ఊడ్చింది. బుధవారం దోసెడు. ఊడ్చిన చోటనే కాసేపు నిలబడి పైకి చూసింది. తరవాత ఆ పొడిని కొంగులో పోసుకుని పోయి వైకుంఠం ముందు విప్పింది.

"సేటూ, దూలం సున్నం రాలుస్తుంది. నిన్నటికంటె ఇయ్యాల ఎక్కువున్నది."

"పాత బిల్డింగే చంద్రవ్వ. రాలుతది. ఊడువు."

"నేను ఊడుస్త. పైన బల్ల తీపియ్యి."

"ఆ బల్ల ఎవరెవరు ఆడిన్రో ఎరుకేనా నీకు? దొరలు ఆడిన్రు!"

"దొరలు వోయిన్రు గద సేటూ. బల్ల వోలేదు."

వైకుంఠం నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె కొంగు దులుపుకుని వచ్చేసింది.

గురువారం నుంచి నా సంగతి నాకే తెలిసింది. తెర కావడానికి పుట్టిన నా నిట్టాడుల మీద దూలం వచ్చి కూర్చుంది. ముందు మెల్లగా, తరవాత మొహమాటం లేకుండా. నా చట్రం వంకరపోయింది. శుక్రవారం పొద్దున చంద్రవ్వ తడిగుడ్డతో వచ్చి మొదటి రెక్క తోసింది. తిరగలేదు. రెండోది, మూడోది. పన్నెండింటిలో తొమ్మిది బిగుసుకుపోయాయి. ఆమె గుడ్డ కిందపెట్టి, నా నిట్టాడు మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆమెకు అర్థమైంది.

ఆ రోజు పరాంకుశం వచ్చేదాకా పెరట్లోకి పోలేదు. దొరల గది గుమ్మం దగ్గర ఎదురు నిలబడింది.

"సార్, గీ రెక్కలు తిరుగుత లెవ్వు. బరువంత గీ కట్టె మీదికొచ్చింది."

"తేమకు కర్ర ఉబ్బుతుందమ్మా. అంతే. నువ్వు తప్పుకో."

"ఎండాకాలంల తేమ యాడికెల్లి వచ్చింది సార్?"

పరాంకుశం చదువుకున్నవాడు గనుక ఇంగ్లీషులో ఏదో అన్నాడు. లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. తిరిగే మూడు రెక్కల్లో ఒకటి వెతుక్కుని గ్లాసు అందుకున్నాడు. ఆ సాయంత్రమే వైకుంఠం ఆమెతో ఆదివారం పెరడు దాటి లోపలికి రావద్దని, పెద్దవాళ్ళు వస్తారని చెప్పాడు.

ఆదివారం పదకొండు గంటల పది నిమిషాలకు కొత్త డాన్సు ఫ్లోరు తెరిచే ముహూర్తం. సారాకొట్టుకు ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు గడప దాటలేదు. బయటే కొబ్బరికాయ కొట్టి, మంత్రం గబగబా ముగించి, రిక్షా ఎక్కాడు. లోపల డెబ్భై మంది దాకా ఉన్నారు. బట్టల కొట్ల వాళ్ళు, సినిమాలు పంచేవాళ్ళు, ఒక దంతాల డాక్టరు, పట్టుచీరల్లో వాళ్ళ ఆడవాళ్ళు. పై గదిలో కూడా నలుగురు బిలియర్డ్స్ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. అందరూ తగరపు కప్పును చూసి ఆహా అంటున్నారు. నా అద్దాల ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళు నవ్వుతూ నా మీద ఆనుకున్న ప్రతిసారీ నా కీళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి.

ఆ చప్పుడు పెరట్లోకి వినబడిందో ఏమో, చంద్రవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అక్కడినుంచి దూలం కనబడుతుంది. నడుమన కుంగి ఉంది. ఆమె హాల్లోకి నడిచి వచ్చింది.

"సారులాలా, అమ్మలాలా, కప్పు కూలుతది. బయటికి నడువుర్రి!"

కొందరు తిరిగి చూశారు. ఒకావిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని పక్కకు జరిగింది. దంతాల డాక్టరు, "ఎవరండీ ఈమె?" అన్నాడు. వైకుంఠం పళ్ళు కొరుకుతూ వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు.

"నా ఇజ్జత్ తీస్తున్నవానే? పో ఎన్కకు!"

వంటింట్లోకి తోసి తలుపు వేశాడు. సినిమాల ఆసామి ఒకడు ఏదో ఛలోక్తి విసిరాడు. మళ్ళీ నవ్వులు. నా రెండో నిట్టాడు నిలువునా చీలింది. గ్లాసుల చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు.

వంటింటి తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి చంద్రవ్వ చేతిలో పాయిఖానా బకెట్ ఉంది. నిండుగా ఉంది. తిన్నగా నడిచి వచ్చి, నున్నగా మెరుస్తున్న కొత్త డాన్సు ఫ్లోరు నట్టనడుమ దాన్ని బోర్లించింది.

ప్రాణం పోతుందంటే కదలని డెబ్భై మందీ కదిలారు. ఎంత తొందరగా కదిలారో మీరు చూడాల్సింది. పట్టుచీరలూ, తెల్లబూట్లూ, ముక్కుకు రుమాళ్ళూ, ఒకరినొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ, డోకుతూ. కంపు మెట్లెక్కి పైకీ పోయింది. కర్రలు పట్టుకున్న నలుగురూ రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తారు. ఏ తలుపు ఎవరిదని ఎవరూ ఆలోచించలేదు. మూడు తలుపులున్నా ఆ రోజు అందరూ సిపాయిల తలుపులోంచే పోయారు. బయట ఎండలో వైకుంఠం చంద్రవ్వ జుట్టు పట్టుకుని రెండు దెబ్బలు కొట్టాడు. మూడోది కొట్టబోతుండగా, కౌంటరు దగ్గర పోసే ఫ్రాన్సిస్ కేక పెట్టాడు.

"ఇంజనీరు సార్ లోపలనే ఉన్నాడు!"

ఉన్నాడు. గొళ్ళెం పెట్టుకుని, బిగుసుకున్న రెక్కల వెనకాల. బయట గోలంతా డాన్సు మొదలైన సందడి అనుకున్నాడట. వాసన తగిలాక లేచి తలుపు లాగాడు. నా చట్రం వంగి ఆ తలుపు ఎప్పుడో బిగిసిపోయింది. అప్పుడు కొట్టాడు, "ఎవరక్కడ? తలుపు తియ్యండి!" అని.

వీధిలో డెబ్భై మంది ఉన్నారు. ఒక్కడూ గడప వైపు అడుగు వెయ్యలేదు. వైకుంఠం చెయ్యి వదులైంది. చంద్రవ్వ జుట్టు ముడివేసుకుని, కిందపడ్డ ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

నా నడిమి అద్దం మీద గులాబీలు చెక్కి ఉండేవి. దాని ముందు ఎందరో దొరసానులు నిలబడి జుట్టు సవరించుకున్నారు. ఆమె ఎడమచేత్తో ఇనప బకెట్‌ను రెండుసార్లు దానిమీద వేసింది. గులాబీలు నేల మీద పడ్డాయి. సందులోంచి చెయ్యి పెట్టి పరాంకుశం చొక్కా పట్టుకుంది.

"నన్ను ముట్టుకోకు!" అన్నాడు ఆయన. నిజంగానే అన్నాడు. పైన దూలం పటపటమంటోంది, ఆయన చూపు ఆమె చేతుల మీద ఉంది.

"ముట్టకుంటె సస్తవు సార్, దా!"

లాగింది. పడిపోయిన భుజంతోనే లాగింది. ఆయన మోకాలు నా చట్రానికి తగిలి చీరుకుంది. బయటికి పడ్డాక ఆయన ముందు పరుగెత్తాడు, ఆమె వెనక. ఆమె గడప దాటేదాకా ఆగుదామనుకున్నాను. ఆగాను కూడా. తెర కోసం చేసిన కాళ్ళు నాలుగు రోజులు దూలాన్ని మోశాయి, ఇంకో నాలుగు అడుగుల సేపు మోయలేవా? తరవాత అయిదు రాతి పలకలూ ఒక్కసారి దిగాయి. రాణిగారి సారాకొట్టు అక్కడితో సరి.

ఒక్కరూ చావలేదు. ఆ సంగతి అధికారులకు వింతగా తోచింది. విచారణకు వచ్చారు. ఎలా బయటపడ్డారని డెబ్భై మందినీ అడిగారు. పెంటకు జడిసి పరుగెత్తామని ఏ పెద్దమనిషి చెబుతాడు? ఒకడు తనకేదో అనుమానం వచ్చిందన్నాడు. ఒకావిడ ఇష్టదేవత గుండెలో పలికిందన్నది. ఫ్రాన్సిస్ ఒక్కడు ఉన్నదున్నట్టు చెప్పాడు, బకెట్‌తో సహా. రాసుకునే గుమాస్తా అది విని కలం ఆపి, ఆ మాట కాగితం మీద బాగుండదని వదిలేశాడు. చివరికి అందరికీ గౌరవంగా ఉండే జవాబు పరాంకుశం ఇచ్చాడు. ప్రమాదం తాను ముందే పసిగట్టానని, అందరినీ పంపి తాను ఆఖరున బయటికి వచ్చానని. కట్టు కట్టిన మోకాలు సాక్ష్యం. పత్రికలో ఫోటో పడింది.

చంద్రవ్వను పనిలోంచి తీసేశారు. కారణం, అతిథులను అవమానించడం.

నన్నూ మిగతా శిథిలాలనూ బళ్ళకెత్తి బస్తీ చివర పాత సామాన్ల దొడ్డిలో పోశారు. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని పాత ఇటుకలకున్న సున్నం గీకుతుంటారు. వారం తిరక్కుండా వాళ్ళలో చంద్రవ్వ వచ్చి కూర్చుంది. మేము ఒకరినొకరం గుర్తుపట్టామని చెప్పను. నేను కర్రను, ఆమెకు పని ఉంది.

ఒక మధ్యాహ్నం పరాంకుశం ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ నాటి గుర్తుగా చెక్కిన అద్దం ముక్క ఒకటి ఇంట్లో పెట్టుకోవాలట. చంకలో పత్రిక ఉంది. శిథిలాల నడుమ చేతికర్రతో చూపిస్తూ, ఎక్కడ నిలబడి ఎవరిని ఎటు పంపాడో స్నేహితులకు చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఇటుకల వరస దగ్గరికి వచ్చి ఆగాడు. ఆమెను చూశాడు. ఎండ ఎక్కువగా ఉందని రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

చంద్రవ్వ ఇటుక కింద పెట్టలేదు.

"సార్, ఆ పేపర్ల మీ ఫోటువ ఏసిన్రట గద. మాకు సదువు రాదు. జర సదివి ఇనిపియ్యుర్రి."

చుట్టూ గీకే చప్పుడు ఆగింది. పదిమంది ఆడవాళ్ళు తలెత్తారు. స్నేహితుల్లో ఒకాయన ఉత్సాహపడ్డాడు, "చదవవోయ్, వాళ్ళూ వింటారు" అన్నాడు. పరాంకుశం పత్రిక విప్పాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"లష్కరులో కూలిన పురాతన భవనం. ప్రమాదాన్ని ముందుగానే పసిగట్టిన విశ్రాంత ఇంజనీరు శ్రీ..."

ఆగిపోయాడు.

"ఆగిన్రేంది సార్? అటెన్క?"

"అక్షరాలు... సరిగా కనబడటం లేదు."

"ఆఁ, కనబడయి సార్. ఈడ సున్నం దుమ్ము ఎక్కువ."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే ఆయన బతికిపోయేవాడు. పత్రిక చేతిలోంచి జారిందో, తానే వదిలాడో, ఆయన గిర్రున తిరిగి గేటు వైపు నడిచాడు. స్నేహితులు ఏమైందేమైందని వెంటపడ్డారు. అద్దం ముక్క సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఎవరక్కా గాయిన?" అని పక్కనున్న పిల్ల అడిగింది.

"ఎవరో పెద్దమనిషి బిడ్డా. దారి తప్పి వచ్చినట్టున్నడు."

అన్నం పొద్దయింది. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని నా నీడలో కూర్చున్నారు. చంద్రవ్వ సద్ది మూట విప్పి, ఆ పత్రిక పరిచి, ఫోటో ఉన్న చోట జొన్నరొట్టె పెట్టుకుని, ఉల్లిగడ్డ నలగ్గొట్టుకుని, తీరిగ్గా తిన్నది.